చందమామ కూడా హ్యాబిటబుల్ జోన్‌లోనే ఉంది

సూర్యుడి నుంచి భూమి ఎంత దూరంలో ఉందో చందమామ కూడా దాదాపు అంతే దూరంలో ఉంది. సుమారు పదిహేను కోట్ల కిలోమీటర్లు. మనకు పడే ఎండే దానికీ పడుతుంది. ఎక్కడో వేరే నక్షత్రం దగ్గర ఉన్నవాళ్లు మన సౌరకుటుంబాన్ని "నీరు ద్రవంగా ఉండగలిగే దూరం", అంటే హ్యాబిటబుల్ జోన్, అనే ఒక్క కొలతతో చూస్తే, చందమామకు నూటికి నూరు మార్కులు వేయాల్సిందే. అక్కడేమో పగలు 120 డిగ్రీల వేడి, రాత్రి సున్నాకు 130 డిగ్రీల కింద చలి. పీల్చే గాలి లేదు, పారే నీరు లేదు, నాచు కూడా లేదు.

తెలుగు ఛానళ్లలో, వాట్సాప్ గ్రూపుల్లో అప్పుడప్పుడూ ఒక వార్త తిరుగుతుంటుంది. భూమిలాంటి మరో గ్రహం దొరికిందనీ, అక్కడ మనుషులు బతకొచ్చనీ. పక్కనే నీలి సముద్రాలు, తెల్లటి మబ్బులతో మెరిసిపోయే బొమ్మ. ఆ బొమ్మ ఒక చిత్రకారుడు ఊహించి గీసింది. ఆ గ్రహాన్ని అంత దగ్గరగా చూపించే టెలిస్కోపు ఇంతవరకూ ఎవరి దగ్గరా లేదు. ములుగులో ఉండే మా బావ అలాంటిది కనబడగానే నాకు పంపి "ఇది నిజమేనా?" అని అడుగుతాడు. ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెబుతూ వచ్చినదాన్ని ఈసారి కుదురుగా రాస్తున్నాను.

వేరే నక్షత్రాల చుట్టూ జీవానికి అనువైన గ్రహాల కోసం వెతకడం మన కాలంలో జరుగుతున్న గొప్ప పనుల్లో ఒకటని నేను గట్టిగా నమ్ముతాను. హన్మకొండలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పే నాకు, క్లాసులో ఇంతగా కళ్లు మెరిసే పాఠం ఇంకోటి కనబడలేదు. అందుకే దూరం ఒక్కటి చూసి "నివాసయోగ్యం" అని ముద్ర వేసి, అలాంటివి ఇన్ని దొరికాయని లెక్కపెట్టుకునే అలవాటు నాకు బాధ కలిగిస్తుంది. ఆ గ్రహం తన గాలినీ నీటినీ కోట్ల ఏళ్లపాటు పట్టి ఉంచుకోగలిగిందా అన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబులు రావడం ఈ మధ్యే మొదలైంది. మొదటగా వచ్చినవి ఎక్కువగా "లేదు" అనే జవాబులు. వాటికి మనం ఇవ్వాల్సిన విలువ ఇవ్వడం లేదు.

హ్యాబిటబుల్ జోన్ లెక్క తప్పని నేను అనడం లేదు. జేమ్స్ కాస్టింగ్ బృందం 1993లో వేసిన లెక్క ప్రకారం, సూర్యుడికీ భూమికీ మధ్య దూరాన్ని 1 అనుకుంటే ఆ మండలం 0.95 దగ్గర మొదలై 1.37 దగ్గర ముగుస్తుంది. 2013లో రవికుమార్ కొప్పరపు బృందం కొత్త కొలతలతో దాన్ని 0.99 నుంచి 1.67 వరకూ సవరించింది. ఈ అంకెల వెనక ఒక షరతు ఉంది. ఆ గ్రహానికి నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, నైట్రోజన్ కలిసిన వాతావరణం ఉందని ముందే అనుకుని వేసిన లెక్క ఇది. అంటే ఏది తేల్చాలో దాన్ని ఉందని ఒప్పుకున్నాకే ఈ గీతలు పుట్టాయి. శాస్త్రవేత్తలకు ఆ షరతు తెలుసు, వాళ్ల పేపర్లలో మొదటి పేజీల్లోనే ఉంటుంది. వార్తగా మారేసరికి షరతు రాలిపోయి దూరం ఒక్కటే మిగులుతుంది. 1.52 దగ్గరున్న అంగారకుడు కూడా ఈ గీతల లోపలే ఉన్నాడు మరి.

ఉత్తర తెలంగాణలో పుట్టిపెరిగినవాళ్లకు ఈ తేడా తొందరగా అర్థమవుతుంది. వరంగల్ ప్రాంతంలో ఏడాదికి సగటున 900 మిల్లీమీటర్ల పైనే వాన పడుతుంది. అది తక్కువేమీ కాదు. కానీ చాలావరకూ జూన్ నుంచి సెప్టెంబర్ లోపలే పడిపోతుంది. నేల వాలు, అడుగున గ్రానైటు. ఆపే ఏర్పాటు లేకపోతే పడ్డ వాన పడ్డట్టే వాగుల్లో దొర్లి గోదారిలోనో కృష్ణలోనో కలుస్తుంది. అందుకే కాకతీయులు చెరువుల మీద అంత శ్రద్ధ పెట్టారు. వాళ్ల కాలం నాటి పాకాల, రామప్ప, లక్నవరం చెరువుల కింద ఇవాళ్టికీ నాట్లు పడుతున్నాయి. ఊళ్లు బతికింది వాన పడినందుకే కాదు, పడిన వాన నిలిచినందుకు.

ఒక వానాకాలం పాకాల మత్తడి (చెరువు నిండాక ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే అలుగు) దుంకుతుంటే చూడటానికి వెళ్లాను. నీళ్ల హోరులో పక్కవాడి మాట వినబడటం లేదు. అక్కడ ఒక పెద్దాయన, వాళ్ల ఇంట్లో తాతల నాటి నుంచి చెరువు నీళ్లు పంచే నీరటి పని చేసినవాళ్లు, తూము చూపించి అది ఎట్లా తెరుస్తారో చెప్పాడు. కట్ట ఎంత గట్టిదో కదా అని నేనంటే తల అడ్డంగా ఊపాడు. "కట్ట ఎంత గట్టిగ ఏసినా మత్తడి ల్యాకుంటే దండుగ సారూ. ఒక్క పెద్దవానకే తెగుతది. ఎక్కువైనయి పోవాలె, కావల్సినయి ఉండాలె. రెండూ ఉంటెనే చెరువు" అన్నాడు. చదువుకున్న పుస్తకాల్లో గ్రహాల వాతావరణం గురించి ఇంత పొందికగా చెప్పిన మాట నాకు తగల్లేదు.

అంగారకుడు కట్ట తెగిన చెరువు. ఎండిపోయిన నదుల జాడలు ఇప్పటికీ దాని మీద కనిపిస్తాయి, ఒకప్పుడు నీరు పారిందని రాళ్లు సాక్ష్యం చెబుతున్నాయి. కానీ దాని బరువు భూమిలో పదో వంతు. భూమిని వదిలి పోవాలంటే సెకనుకు 11.2 కిలోమీటర్ల వేగం కావాలి, అంగారకుడిని వదలడానికి 5 కిలోమీటర్లు చాలు. అయస్కాంత క్షేత్రం తొలినాళ్లలోనే అణగారిపోయింది. 2014లో అక్కడికి చేరిన మేవెన్ నౌక, సూర్యుడి నుంచి వీచే సౌరపవనం ఇప్పటికీ సెకనుకు సుమారు వంద గ్రాముల చొప్పున అక్కడి గాలిని ఊడ్చుకుపోతోందని కొలిచింది. అంగారకుడి గాలిలోని ఆర్గాన్‌లో దాదాపు 65 శాతం అంతరిక్షంలోకి పోయిందని 2017లో తేల్చింది. ఇప్పుడక్కడ మిగిలిన గాలి ఒత్తిడి మన దగ్గరున్న దాంట్లో ఒక శాతం కూడా లేదు.

శుక్రుడిది ఇంకో కథ, మత్తడి లేని చెరువు కథ. పరిమాణంలో దాదాపు భూమి అంతే. గాలి పోలేదు సరికదా, మన కంటే 92 రెట్లు ఒత్తిడితో పేరుకుపోయింది. అందులో 96 శాతం కార్బన్ డయాక్సైడ్. నేల మీద 465 డిగ్రీలు. ఒకప్పుడు శుక్రుడి మీద ఇప్పటికంటే చాలా ఎక్కువ నీరు ఉండేదని, అది ఆవిరై, విడిపోయి, హైడ్రోజన్ అంతరిక్షంలోకి జారిపోయిందని చెప్పడానికి ఆధారం ఉంది. బరువైన హైడ్రోజన్ అయిన డ్యుటీరియం నిష్పత్తి అక్కడ భూమి మీద కంటే వంద రెట్లకు పైగా ఎక్కువ. తేలికది పోయింది, బరువైనది మిగిలింది.

మరి భూమికి మత్తడి ఏది? దాన్ని చూడటానికి హన్మకొండలోని పద్మాక్షి గుట్ట ఎక్కితే చాలు. అక్కడి గ్రానైటు బండల మీద పొరలు పొరలుగా పెచ్చులు లేచి ఉంటాయి, చేత్తో రుద్దితే ఇసుకలా రాలుతుంది. వాననీరు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కరిగించుకుని పల్చటి ఆమ్లంగా మారి రాతిని కొరుకుతుంది. రాతిలోంచి వచ్చిన కాల్షియం, కార్బన్ కలిసి వాగుల్లో, గోదారిలో కొట్టుకుపోయి సముద్రంలో సున్నపురాయిగా దిగుతాయి. మంచిర్యాల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు తవ్వుకునే సున్నపురాయి అలా ఏనాటిదో సముద్రం అడుగున పేరుకున్న కార్బనే. తర్వాత ఆ రాయి భూగర్భంలోకి దిగిపోయి, అగ్నిపర్వతాల నోటి నుంచి మళ్లీ గాలిలోకి వస్తుంది. భూమి వేడెక్కితే వానలు పెరిగి రాయి ఎక్కువ అరుగుతుంది, గాలిలోని కార్బన్ తగ్గుతుంది. చల్లబడితే అరగడం తగ్గి కార్బన్ పేరుకుంటుంది. 1981లో వాకర్, హేస్, కాస్టింగ్ ఈ చక్రాన్ని వివరించారు. శుక్రుడి గాలిలో ఉన్నంత కార్బన్ ఇంచుమించుగా మన భూమి మీదా ఉంది. మన దగ్గర అది రాళ్లలో ఉంది, అక్కడ గాలిలో ఉంది. ఈ సర్దుబాటు లక్షల ఏళ్ల మీద జరిగేది కాబట్టి ఇప్పుడు మనం కాల్చే బొగ్గుకు ఇది ఆసరా అవుతుందని అనుకోవద్దు.

ఇవన్నీ ఎందుకు చెప్పానంటే, దూరాన ఉన్న గ్రహాన్ని కనిపెట్టే పద్ధతుల్లో వీటిలో ఒక్కటీ కనబడదు. 2012 జూన్ 6న శుక్రుడు సూర్యుడి మీదుగా దాటాడు. ఆ పొద్దున మా డాబా మీద నుంచి, వెల్డింగ్ షాపులో తెచ్చిన పద్నాలుగో నంబరు అద్దంలోంచి చూశాను. ఆకుపచ్చగా కనిపించే సూర్యబింబం అంచుకు దగ్గరగా నల్లటి చుక్క, గుండ్రంగా, నిక్కచ్చిగా. ఆ వేళ సూర్యుడి వెలుగు వెయ్యో వంతు తగ్గింది. ఎండ తగ్గినట్టు వీధిలో ఒక్కరికీ తెలియలేదు. అంతరిక్షంలోని కెప్లర్ టెలిస్కోపు చేసిన పని ఇదే, గ్రహం అడ్డొచ్చినప్పుడు తగ్గే వెలుగును కొలవడం, కాకపోతే వందల వేల కాంతి సంవత్సరాల దూరం నుంచి. 2009 నుంచి 2018 దాకా పనిచేసి, మొదటి నాలుగేళ్లు ఆకాశంలో ఒకే చోట లక్షన్నర నక్షత్రాలను రెప్పవేయకుండా చూసి, మొత్తం మీద 2,600 పైచిలుకు గ్రహాలను మనకిచ్చింది.

భూమంత గ్రహం సూర్యుడంత నక్షత్రానికి అడ్డొస్తే వెలుగు పన్నెండు వేలలో ఒక వంతు తగ్గుతుంది. అదీ పదమూడు గంటలే, అదీ ఏడాదికి ఒక్కసారే. పైగా ఆ గ్రహం కక్ష్య సరిగ్గా మన చూపుకు అడ్డంగా ఉండాలి. భూమిలాంటి గ్రహానికి ఆ అవకాశం రెండు వందల్లో ఒకటి. ఇంత కష్టపడి పట్టుకున్నాక తెలిసేది రెండే: గ్రహం ఎంత పెద్దది, ఎన్ని రోజులకు ఒక చుట్టు తిరుగుతుంది. రోజులను బట్టి దూరం కట్టుకోవచ్చు.

రెండో పద్ధతిలో గ్రహం లాగుడుకు నక్షత్రం అటూ ఇటూ ఊగడాన్ని దాని వర్ణపటంలో కొలుస్తారు. సూర్యుడిలాంటి నక్షత్రం చుట్టూ తిరిగే మొట్టమొదటి గ్రహాన్ని 1995లో మిషెల్ మేయర్, దిదియే కెలో ఇలాగే పట్టుకున్నారు. 2019లో నోబెల్ అందుకున్నారు. ఆ నక్షత్రం పేరు 51 పెగాసి. చీకటి బాగా ఉన్న చోట మామూలు కంటికే అందుతుంది. మనవాళ్లు పూర్వాభాద్ర అనే రెండు చుక్కల మధ్య గీత గీసి, సగం దూరంలో కాస్త పడమరకు చూడండి. నవంబర్ రాత్రి రామప్ప చెరువు కట్ట మీద నిలబడితే నెత్తి మీదే ఉంటుంది. అక్కడి గ్రహం గురుడి జాతిది, నాలుగు రోజులకు ఒక చుట్టు తిరిగేస్తుంది. అంత పెద్దది, అంత దగ్గరగా ఉండబట్టే దొరికింది. భూమి వల్ల సూర్యుడు ఊగేది సెకనుకు 9 సెంటీమీటర్లు మాత్రమే. నక్షత్రం ఉపరితలమే అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువగా కుతకుతలాడుతూ ఉంటుంది. 2010లో గ్లీస్ 581 నక్షత్రం దగ్గర హ్యాబిటబుల్ జోన్ నడిమధ్యలో గ్రహం ఉందని ప్రపంచమంతా మోగిపోయింది. 2014లో తేలిందేమిటంటే ఆ జాడ నక్షత్రం మీది మచ్చల అలజడిది, అక్కడ ఆ గ్రహం లేదు.

పిల్లలతో ఒక అక్టోబర్ రాత్రి హెచ్‌డీ 189733 అనే నక్షత్రాన్ని పట్టుకున్నాం. శ్రవణా నక్షత్రానికి సూటిగా ఉత్తరాన, మన అక్షాంశం నుంచి దాదాపు నడినెత్తికి వస్తుంది. దాని గ్రహం కూడా గురుడంతది, రెండు రోజుల ఐదు గంటలకోసారి అడ్డొస్తుంది. వెలుగు రెండు శాతం పైన తగ్గుతుంది కాబట్టి చిన్న టెలిస్కోపు, కెమెరా ఉంటే చాలు. గంటల తరబడి ఫొటోలు తీసి, పక్క నక్షత్రాలతో పోల్చి వెలుగును కొలిచి, చుక్కలన్నీ గ్రాఫు మీద పెట్టాం. చుక్కలు చెల్లాచెదురుగానే ఉన్నాయి, అయినా మధ్యలో పల్లం స్పష్టంగా ఉంది. అరవై నాలుగు కాంతి సంవత్సరాల అవతల ఒక లోకం అడ్డొచ్చిన గుర్తు ఒక హన్మకొండ డాబా మీద ల్యాప్‌టాప్‌లో పడింది. అందరూ చప్పట్లు కొడుతుంటే ఒక అమ్మాయి స్క్రీన్ దగ్గరికి వంగి "సార్, ఇండ్ల గాలి ఏడున్నది?" అని అడిగింది.

ఈ పల్లంలో గాలి లేదు. అది కనబడాలంటే ఇదే పల్లాన్ని ఒక్కో రంగులో విడివిడిగా కొలవాలి. గ్రహం అంచున గాలి పొర ఉంటే, అందులోని వాయువులు కొన్ని రంగులను మింగేస్తాయి, ఆ రంగుల్లో పల్లం కొంచెం లోతుగా వస్తుంది. భూమంత గ్రహానికి ఆ తేడా కోటిలో కొన్ని వంతులకు పడిపోతుంది. సూర్యుడంత నక్షత్రం దగ్గర ఇప్పటి ఏ పరికరానికీ అది దొరకదు. అందుకని ఖగోళ శాస్త్రవేత్తలు ఎర్ర మరుగుజ్జు నక్షత్రాల వైపు తిరిగారు. మన పాలపుంతలో నాలుగింట మూడొంతుల నక్షత్రాలు అవే. చిన్నవి కాబట్టి అడ్డొచ్చిన గ్రహం ఎక్కువ వెలుగును ఆపుతుంది. చల్లనివి కాబట్టి హ్యాబిటబుల్ జోన్ దగ్గరగా ఉంటుంది, గ్రహం కొద్ది రోజులకే మళ్లీ అడ్డొస్తుంది.

మనకు అతి దగ్గరి నక్షత్రం కూడా ఎర్ర మరుగుజ్జే. మే చివర్లో ఉక్కపోతకు డాబా మీద పక్కలు వేసుకుంటాం కదా, రాత్రి పదకొండు ప్రాంతంలో దక్షిణం వైపు చూడండి. చెట్లు, బిల్డింగులు అడ్డం లేకపోతే నేలకు పది పదకొండు డిగ్రీల ఎత్తులో ఆల్ఫా సెంటారి పసుపుగా వెలుగుతుంటుంది. దాని పక్కనే, కంటికి ఆనకుండా, ప్రాక్సిమా ఉంది. 4.24 కాంతి సంవత్సరాలు. 2016లో దాని హ్యాబిటబుల్ జోన్‌లో 11.2 రోజులకు ఒక చుట్టు తిరిగే గ్రహాన్ని కనుక్కున్నారు. దాని బరువు భూమి కంటే కొంచెం ఎక్కువ ఉండొచ్చు. ఇంత దగ్గరలో ఇలాంటిది ఉందని తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు, అది ఒప్పుకుంటాను. కానీ ఆ నక్షత్రం పెద్ద పెద్ద జ్వాలలు కక్కుతుంది. ఎర్ర మరుగుజ్జులన్నీ పుట్టిన కొత్తలో కోట్ల ఏళ్లపాటు ఇప్పటికంటే ఎన్నో రెట్లు ప్రకాశంగా మండుతాయి. ఇవాళ చల్లగా, నీరు నిలిచే దూరంలో ఉన్న గ్రహం ఆ రోజుల్లో కొలిమిలో ఉన్నట్టే. దగ్గరగా ఉండటం వల్ల ఒక ముఖం ఎప్పుడూ నక్షత్రం వైపే తిరిగి ఉండే అవకాశమూ ఎక్కువ. అయినా గాలి నిలిచిందా? ఈ శాస్త్రంలో ఇప్పుడు అన్నింటికంటే పెద్ద ప్రశ్న ఇదేనని నా అభిప్రాయం.

ట్రాపిస్ట్-1 దగ్గర జవాబు వెతకడం మొదలైంది. కుంభరాశిలో, 40 కాంతి సంవత్సరాల దూరంలో, సూర్యుడి బరువులో తొమ్మిది శాతమే ఉన్న చిన్న నక్షత్రం. దాని చుట్టూ భూమి సైజులో ఏడు గ్రహాలున్నాయని మికాయెల్ గియోన్ బృందం 2017లో ప్రకటించింది. వాటిలో మూడు హ్యాబిటబుల్ జోన్‌లో ఉన్నాయి. 2021 డిసెంబర్ 25న బయల్దేరిన జేమ్స్ వెబ్ టెలిస్కోపు ముందు లోపలి రెండింటిని చూసింది. పద్ధతి ముచ్చటైనది. గ్రహం నక్షత్రం వెనక్కి పోయినప్పుడు తగ్గే వేడిని కొలిస్తే గ్రహం పగటి వైపు ఎంత వేడిగా ఉందో తెలుస్తుంది. గాలి ఉంటే అది వేడిని రాత్రి వైపుకు మోసుకెళ్లి పగటి వైపును కొంత చల్లబరుస్తుంది. ఉత్త బండైతే ఆ ముఖం కాలుతూనే ఉంటుంది. మొదటి గ్రహం దాదాపు 230 డిగ్రీలు. బండకు ఉండాల్సిన వేడే. రెండోది సుమారు 110 డిగ్రీలు, శుక్రుడిలాంటి దట్టమైన గాలి దానికి లేదని తేలింది. ఇవి 2023 నాటి ఫలితాలు. ఆ రెండూ హ్యాబిటబుల్ జోన్‌కు లోపలి వైపు, నక్షత్రానికి మరీ దగ్గరగా ఉన్నవి కాబట్టి మిగతావాటికి కూడా గాలి లేదని చెప్పేయలేం. నాలుగోదైన ట్రాపిస్ట్-1ఇ మీద 2025లో వచ్చిన తొలి కొలతలు ఎటూ తేల్చలేదు. నక్షత్రం మీది మచ్చలే గాలి జాడలా కనబడి తికమక పెడుతున్నాయి. ఇప్పుడు ఇలాంటి రాతి గ్రహాల కోసమే వెబ్ సమయంలో 500 గంటలు విడిగా కేటాయించారు.

నలభై కాంతి సంవత్సరాల అవతల ఉన్న ఒక బండ మీద గాలి లేదని మనుషులు కొలిచి చెప్పారు. ఒక్క తెలుగు ఛానల్లో దీని మీద అరగంట కార్యక్రమం చూసినట్టు నాకు గుర్తులేదు. ఇది ఓటమి కబురు కాదు. ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు మానవజాతి మొదటిసారి రాతి గ్రహాల దగ్గర జవాబు రాబట్టడం మొదలుపెట్టింది.

దీనికి భిన్నంగా కె2-18బి పేరు ఇంటింటికీ తెలిసింది. సింహరాశిలో, 124 కాంతి సంవత్సరాల దూరంలో, భూమికి 8.6 రెట్ల బరువు, 2.6 రెట్ల వ్యాసార్థం ఉన్న గ్రహం. కేంబ్రిడ్జిలో పనిచేసే, మన దేశంలో చదువుకుని వెళ్లిన నిక్కు మధుసూదన్ బృందం 2023లో దాని గాలిలో మీథేన్, కార్బన్ డయాక్సైడ్ ఉన్నాయని చూపించింది. 2025 ఏప్రిల్‌లో డైమిథైల్ సల్ఫైడ్ జాడ ఉండొచ్చని చెప్పింది. ఆ వాయువు భూమి మీద ప్రధానంగా సముద్రపు సూక్ష్మజీవుల నుంచి వస్తుంది. నమ్మకం స్థాయి మూడు సిగ్మా, అంటే ఆ సంకేతం కాకతాళీయంగా వచ్చి ఉండే అవకాశం వెయ్యికి మూడు. ఒక ఆవిష్కారం అని అనాలంటే ఐదు సిగ్మా కావాలని ఆ బృందమే చెప్పింది. అదే డేటాను తీసుకుని వేరే బృందాలు తమ పద్ధతిలో లెక్కగడితే ఆ జాడ నిలబడలేదు. పైగా అదే వాయువు 67పి అనే తోకచుక్కలో కూడా ఉందని 2024లోనే బయటపడింది, తోకచుక్కలో జీవం లేదు. ఆ గ్రహం నిజంగా సముద్రాలున్న లోకమా, లేక నెప్ట్యూన్‌లాంటి వాయుగోళమా అన్నదే ఇంకా తేలలేదు.

ఇందులో మధుసూదన్‌గారి తప్పు నాకేమీ కనబడదు. ఒకరు కొలిచి చెప్పడం, పదిమంది మళ్లీ కొలిచి ప్రశ్నించడం, ఇదే పద్ధతి. నాకు కోపం తెప్పించేది "ఏలియన్స్ దొరికేశారు" అని ఆ రోజు వేసి, తర్వాత వచ్చిన అభ్యంతరాలను ఒక్క లైను కూడా వేయకపోవడం. నమ్మి చదివిన పిల్లవాడికి రెండేళ్ల తర్వాత అదంతా ఉత్తదేనట అని తెలిస్తే, సైన్సు మీదే నమ్మకం పోతుంది. ఆ నష్టం ఎవరు పూడుస్తారు?

నా వాదనకు ఒక గట్టి అభ్యంతరం ఉంది. టెలిస్కోపు సమయం తక్కువ, గ్రహాలు ఇప్పటికే ఆరు వేలు దాటాయి, వడపోత ఏదో ఒకటి ఉండాలి కదా, దూరంతో మొదలుపెట్టకపోతే దేనితో మొదలుపెడతారు? నిజమే. దూరం మొదటి జల్లెడగా ఉండాల్సిందే. నేను కాదనేది జల్లెడలో పడ్డదాన్నల్లా పంటగా చూపించడాన్ని. జల్లెడ కూడా ఒక్కటి చాలదు. గ్రహాన్ని వదిలిపోవడానికి కావాల్సిన వేగం, నక్షత్రం నుంచి అది తిన్న కిరణాల మొత్తం, ఈ రెండింటినీ ఒక గ్రాఫు మీద పెడితే మన సౌరకుటుంబంలో గాలి ఉన్నవీ లేనివీ ఒక గీతకు అటూ ఇటూ విడిపోతాయని జాన్లే, కాట్లింగ్ 2017లో చూపించారు. చందమామ గీతకు గాలి లేని వైపు పడుతుంది. ఆ గీత ఎర్ర మరుగుజ్జుల దగ్గర కూడా పనిచేస్తుందో లేదో తేల్చడానికే వెబ్ గంటలు ఖర్చవుతున్నాయి. కొత్త గ్రహం వార్త వచ్చినప్పుడల్లా ఆ గీతకు అది ఎటువైపుందో కూడా చెబితే, మా బావలాంటి పాఠకులకు తప్పకుండా అర్థమవుతుంది. ఆయన వ్యవసాయం చేసే మనిషి, నీరు పడటానికీ నిలవడానికీ తేడా నాకంటే ఆయనకే బాగా తెలుసు.

ఇక్కడి చెరువులు కబ్జాల పాలవుతుంటే ఎక్కడో ఉన్న నీళ్ల గోల మనకెందుకని కూడా కొందరు అడుగుతారు. ఆ ఆవేదన నాకూ ఉంది. కానీ భూమి వేడెక్కుతోందని 1988లో అమెరికా సెనేట్ కమిటీ ముందు నిలబడి చెప్పిన జేమ్స్ హాన్సెన్ పరిశోధన మొదలుపెట్టింది శుక్రగ్రహం వాతావరణం మీద. పక్క గ్రహం గాలిని చదివిన మనిషే మన గాలి గురించి ముందుగా హెచ్చరించాడు. ఈ రెండు పనులూ ఒకదానికొకటి అడ్డం కావు.

మన దేశంలోనూ పని జరుగుతోంది. మౌంట్ ఆబూలో ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ వాళ్ల పరస్ స్పెక్ట్రోగ్రాఫ్ (నక్షత్రం ఊగడాన్ని వర్ణపటంలో కొలిచే పరికరం) 2018లో భూమికి 27 రెట్ల బరువున్న ఒక గ్రహాన్ని నిర్ధారించింది. ఇప్పుడు 2.5 మీటర్ల టెలిస్కోపుకు పరస్-2 అమర్చి వాడుతున్నారు. కెప్లర్ తర్వాత గ్రహాల వేటకు పంపిన టెస్ టెలిస్కోపు డేటా అంతా ఉచితంగా ఎవరికైనా దొరుకుతుంది. వరంగల్‌లో ఇన్ని ఇంజినీరింగ్ కాలేజీలు ఉన్నాయి, ప్రతి ఏడాదీ ఫైనలియర్ ప్రాజెక్టులు బయట షాపుల్లో కొనుక్కుని సబ్మిట్ చేసేవాళ్లు ఎంతమందో అందరికీ తెలుసు. పైథాన్ వచ్చిన పిల్లలకు ఈ డేటా ఇచ్చి ఒక నక్షత్రాన్ని అప్పగించమని నేను కనబడిన ప్రతి అధ్యాపకుణ్నీ అడుగుతున్నాను.

సూర్యుడిలాంటి నక్షత్రాల దగ్గరి భూములను నేరుగా చూడాలంటే మాత్రం ఇప్పుడున్న పరికరాలు చాలవు. మామూలు వెలుగులో సూర్యుడి కంటే భూమి వెయ్యి కోట్ల రెట్లు మసక. నక్షత్రం వెలుగును అడ్డుకుని పక్కనున్న ఆ మసక చుక్కను మాత్రమే రానిచ్చే పెద్ద అంతరిక్ష టెలిస్కోపు కావాలి. దాన్ని కట్టాలని అమెరికా ఖగోళ శాస్త్రవేత్తలు 2021లో సిఫార్సు చేశారు. హ్యాబిటబుల్ వరల్డ్స్ అబ్జర్వేటరీ అని పేరు పెట్టారు, 2040లలో ఎగురుతుందని అంచనా. కనీసం పాతిక గ్రహాలనైనా పరిశీలించాలన్నది లక్ష్యం. ఆక్సిజన్ కనబడితేనే జీవం అని కూడా అనుకోకూడదు. పద్మాక్షి గుట్ట రాయి గట్టిపడి సుమారు 250 కోట్ల ఏళ్లు, అప్పటికి భూమి మీద సూక్ష్మజీవులు ఉన్నాయి కానీ గాలిలో ఆక్సిజన్ దాదాపు లేదు. ఆ కాలంలో ఎవరైనా మనల్ని చూసి ఉంటే జీవం లేని లోకమని రాసుకుని వెళ్లేవాళ్లు.

ఆ పాతికలో ఒక్కచోట కూడా జీవం జాడ దొరక్కపోతే ఎలా అని పిల్లలు అడుగుతారు. బోర్డు మీద లెక్క వేసి చూపిస్తాను. ఉన్న జాడను చూడకుండా పొరబడలేదని అనుకుంటే, పాతికకు పాతికా సున్నా వస్తే అలాంటి గ్రహాల్లో జీవం ఉన్నవి నూటికి పన్నెండుకు మించి ఉండవని 95 శాతం నమ్మకంతో చెప్పొచ్చు. ఇవాళ అదే ప్రశ్న అడిగితే నూటికి సున్నా అన్నా, నూటికి నూరు అన్నా కాదనడానికి ఎవరి దగ్గరా కొలత లేదు. అంత పెద్ద పరికరం, అన్నేళ్ల కష్టం ఆ ఒక్క అంకె కోసమే అయినా అది కట్టాలనే నేనంటాను.